స్విచ్చికి కుట్టిన తొడుగు

చిన్నతల్లికి, నాన్న మనసారా దీవించి రాసేది.

నీ ఎర్ర స్పోర్ట్స్ కారు ఈ ఉదయం ఒక్క నొక్కుకే స్టార్టయింది. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది తల్లీ.

ఇక దాచిన మాట చెప్తాను. నువ్వు ఓడ ఉద్యోగానికి వెళ్లిన నెలకే బ్యాటరీ చచ్చిపోయింది. తప్పు నాదే. నలభై ఏళ్లు టైలరు షాపులో ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపందే తాళం వేయని చెయ్యి ఇది. కారు కదలకుండా ఉన్నా బ్యాటరీ దిగిపోకుండా నువ్వు పెట్టి వెళ్లిన ఛార్జరు స్విచ్చిని కూడా షెడ్డుకి తాళం వేసేటప్పుడు ఆపేసేది. ఆపొద్దని నువ్వు పదిసార్లు చెప్పినా చేతికి ఎక్కలేదు.

"నడపని కారుకి ఇన్ని సేవలెందుకు నాన్నా? మూడు నెలలు చూసి కార్ల బ్రోకరుని పిలుస్తాను. అతని ముందు స్టార్టవకపోతే అమ్మేయడమే. చెల్లికి నేను చెప్పుకుంటాను" అన్నాడు మీ అన్నయ్య.

మెకానిక్కు ఎలాగో బ్యాటరీకి ప్రాణం పోసి, "మళ్లీ చస్తే నావల్ల కాదు బాబాయ్" అన్నాడు. ఆ రోజే మిషను ముందు కూర్చుని ఆ స్విచ్చికి మందపాటి గుడ్డతో తొడుగు కుట్టాను. మూడు గుండీలు పెట్టాను. అలవాటుగా స్విచ్చి ఆపబోయి, మూడో గుండీ దగ్గర బుద్ధొచ్చి, విప్పినవన్నీ మళ్లీ పెట్టేసిన రోజులు చాలా ఉన్నాయి.

ఈ రోజుతో ఆ మూడు నెలలు నిండాయి. ఇంజను గర్జిస్తుంటే బ్రోకరు, "ఇంతకీ ఎంతకిస్తారు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మీ అన్నయ్య, "మా చెల్లెలి కారండీ, అమ్మేది కాదు" అన్నాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా రెండుసార్లు తిప్పాడు కూడా.

తిరిగొచ్చాక షెడ్డుకి వాడే తాళం వేశాడు. వేసే ముందు మూడు గుండీలూ తడిమి చూశాడు.

మీ నాన్న