నేనన్నది ఎయిటీ కాదు

విజయనగరం,
12-8-1967

ప్రియమైన చినబాబు అన్నయ్యకి,

హాస్టల్లో తిండి బాగానే ఉంది. కాలేజీలో పి.యు.సి. చదువు మాత్రం మింగుడు పడటం లేదు. పాతపట్నం హైస్కూల్లో సైన్సుకి నేనే ఫస్టు అని విర్రవీగానా, ఇక్కడ పాఠాలన్నీ ఇంగ్లీషులో. ఒక్క ముక్క ఎక్కడం లేదు.

పైగా ఒక తమాషా జరిగింది. ఫిజిక్స్ మాస్టారు గుంటూరాయన, మన యాస తెలీదు. మొన్న నన్ను లేపి ఇంగ్లీషులో ఏదో అడిగారు. "ఏమిటండీ" అనబోతే కంగారులో మన మాటే వచ్చేసింది: "ఏటి?" ఆయన ముఖం వెలిగిపోయింది. "ఎయిటీ! వెరీ గుడ్!" అన్నారు. గ్రాము మంచు కరగడానికి ఎనభై కేలరీలు కావాలట, ఆయన అడిగింది అదేనట! నన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టారు. అప్పటి నుంచి ప్రతి పాఠం చివరా "సుభద్రా, అర్థమైందా?" అంటారు. నేను తలాడిస్తాను. ఆయన పేజీ తిప్పేస్తారు. నా వెనక నలభై మంది ఉన్నారన్నయ్యా.

వచ్చే నెల క్వార్టర్లీ పరీక్షలు. తప్పితే చదువు మాన్పిస్తానని నాన్న ముందే చెప్పాడు. ఏం చెయ్యమంటావు?

నీ చెల్లెలు,
సుభద్ర

పాతపట్నం,
19-8-1967

ప్రియమైన అమ్మడూ,

నీ ఉత్తరం గట్టు మీద కూర్చుని చదువుతూ ఒక్కడినే నవ్వాను. పక్క చేలో సోములు మావ "ఏటైనాదిరా నీకు?" అని హడలిపోయాడు.

నవ్వు సరే. రేపే వెళ్లి మాస్టారికి ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్. తిడితే తిడతారు. అర్థం కాకుండా తలాడించడం మొదటి వారం సిగ్గుగా ఉంటుంది, రెండో నెలకి అలవాటైపోతుంది. ఆ తర్వాత అడుగుదామన్నా ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. నాలుగేళ్ల కిందట అదే కాలేజీలో నా పరీక్ష జ్వరంతో పోయింది. నీకేం అడ్డమే? నాకంటే గట్టిదానివి.

నీ అన్నయ్య,
చినబాబు

విజయనగరం,
30-9-1967

ప్రియమైన అన్నయ్యా,

వెళ్లాను. చెప్పేశాను: "నేనన్నది ఎయిటీ కాదండీ, ఏటి అన్నానండీ." ఆయన చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. అయిపోయాననుకున్నాను. తర్వాత కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, "తప్పు నాదేనమ్మా. మరి మిగతా వాళ్ల సంగతో?" అన్నారు.

మర్నాడు అందరికీ చీటీలిచ్చి, అర్థం కానిది పేరు లేకుండా రాయమన్నారు. ముప్ఫయ్యారు మంది రాసింది ఒకటే: "లేటెంట్ హీట్ అంటే ఏటి?" నా తల ఊగడం చూసి, తెలియనిది తమకొక్కరికే అనుకున్నారట!

ఆ వారం నుంచి ప్రతి శనివారం పొద్దున్న ఏడింటికి, ఇంగ్లీషు పాఠాలు కొత్తయినవాళ్లకి వేరే క్లాసు. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. మొదటి రోజు సోడా కొట్టు నుంచి మంచుగడ్డ తెప్పించి, ముక్కలు కొట్టి గిన్నెలో వేసి, కింద దీపం పెట్టి థర్మామీటరు ముంచారు. ఎంత కలిపినా పాదరసం సున్నా దగ్గరే మొండికేసింది. నా వెనక బెంచీ జగ్గమ్మ లేచి "వేడంతా ఏటైపోతన్నాదండీ?" అంది. ఎవరూ నవ్వలేదు. "కరగడానికే ఖర్చయిపోతోంది, అందుకే పైకి కనబడదు. లేటెంట్ అంటే అదే" అన్నారు.

క్వార్టర్లీలో ఫిజిక్స్ నాకు అరవై రెండు, జగ్గమ్మకి అరవై అయిదు. ఫైనల్లో దాన్ని దాటకపోతే నా పేరు సుభద్రే కాదు.

అవునుగానీ, తలాడించడం అలవాటైపోతుందని నీకెలా తెలుసు?

సుభద్ర

పాతపట్నం,
8-10-1967

ప్రియమైన అమ్మడూ,

నీ మార్కులు చదివి వినిపిస్తే నాన్న "ఇంకోపాలి సదువు" అని మళ్లీ చదివించుకున్నాడు. చదువు మాన్పించే మాట ఇంక రాదు.

నువ్వడిగినదానికి జవాబు. నాకు జ్వరం రాలేదు. ఏడాదంతా ఆఖరి బెంచీలో తలాడించాను. పరీక్షలో తెల్లకాగితం ఇచ్చేసి బస్సెక్కాను. ఇంట్లో జ్వరమన్నాను. నీకే మొదటిసారి చెబుతున్నాను. సిగ్గుగా ఉంది, హాయిగానూ ఉంది.

కోతలవగానే శుక్రవారం సాయంత్రాలు బయల్దేరి వస్తాను. ప్రైవేటుగా పరీక్షకి కడతాను. ఇరవై రెండేళ్ల రైతుని ఆ ఏడింటి క్లాసుకి రానిస్తారేమో మీ మాస్టారిని అడుగు. చోటు లేదంటే నిలబడి వింటాను. ఈసారి మాత్రం పరీక్ష మధ్యలో ఇంటికి రాను.

నీ అన్నయ్య,
చినబాబు