గాలి లేచినప్పుడు నిలిచిన మోటరు

బూదికోట,
ఆదివారం

నాన్నగారికి మధుర నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ మీ అల్లుడు రఘునందనూ సుఖంగానే ఉన్నాం. మైసూరులో తమ్ముడింట్లో మీ ఇద్దరికీ ఏ లోటూ లేదని అమ్మ ఫోనులో చెప్పింది. మీకు ఫోనులో మాట వినబడదు కాబట్టి ఈ సంగతి కాగితం మీదే పెడుతున్నాను. జవాబు మూడు వారాలు ఆలస్యమైంది, కోప్పడకండి.

వంట ఎవరు చేస్తున్నారని అడిగారు. పొద్దున ఆయన, సాయంత్రం నేను. ఆయన చేసే రాగి ముద్దలో పిండి ఇంకా ఉండలు కడుతూనే ఉంది. మాట్లాడకుండా తింటున్నాను.

ఇక మీ రెండో ప్రశ్న. "పాల డెయిరీ వెనక గాలిమర తిరుగుతుంటే వోల్టేజి పడిపోవడమేమిటి?" అని రాశారు. గనుల కరెంటు విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసిన మీరు ఆ మాట అడుగుతారని నాకు తట్టి ఉండాల్సింది. మోటరు ఆగిపోవడం డెయిరీ ఆపరేటరు ఓబలప్ప తప్పని పోయిన ఉత్తరంలో రాశాను. అది నిజం కాదు నాన్నా. తప్పు నాది.

మోటరుకు పనిచేసే కరెంటే కాక, లోపల అయస్కాంతాన్ని నిలబెట్టే కరెంటు కూడా కావాలని మీరే కదా నాకు నేర్పారు. ఆ రెండోదాన్ని దూరపు సబ్‌స్టేషన్ నుంచి లాగితే లైను చివర వోల్టేజి పడుతుంది. గాలిమర కరెంటును లైనుకు కలిపే ఇన్వర్టరు దాన్ని ఇక్కడికిక్కడే అందించగలదు. అందుకోసమే దానిలో పవర్ ఫ్యాక్టరు సెట్టింగును నా చేత్తో అమర్చాను. పాత యంత్రాల అలవాటులో ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ పెట్టాను. ఇవ్వాల్సిన ఇన్వర్టరు తానే లాక్కోవడం మొదలుపెట్టింది. గాలి పెరిగేకొద్దీ మరింత లాక్కునేది. పాలను చల్లబరిచే మోటరు ఆగిపోయి రెండుసార్లు ఊరందరి పాలూ విరిగాయి.

ఓబలప్ప మొదటి రోజే చెప్పాడు. "మేడమ్మా, గాలి లేచినప్పుడే మోటరు నిలబడిపోతా ఉండాది. గాలి లేకుంటే బాగా తిరుగుతాది."

"గాలొస్తే కరెంటు పెరుగుతాదప్పా, తగ్గదు" అని నవ్వేశాను. మోటరును సరిగా చూసుకోవడం లేదని రిపోర్టు రాశాను. అతన్ని పనిలోంచి తీసేశారు.

అతను వెళ్లిపోయిన పన్నెండో రోజు మీ ఉత్తరం వచ్చింది. మీ ప్రశ్నా అతని మాటా ఒక్కటే. ఆ మధ్యాహ్నమే సెట్టింగు తెరిచి చూశాను. నేను పెట్టిన మైనస్ అక్కడే ఉంది. గుర్తు మార్చిన పది నిమిషాల్లో వోల్టేజి నిలబడింది. నేను చెప్తే తప్ప ఎవరికీ తెలియదు. ఊరుకుందామని ఒక పూటంతా అనుకున్నాను కూడా.

మరునాడు పాలు పోసేవాళ్లందరి ముందు, డెయిరీ అధ్యక్షురాలు చిన్నవెంకటమ్మకు చెప్పేశాను. "మాకు చెప్పినావు, సరే. ఓబలప్పకు చెప్పినావా?" అందామె.

కామసముద్రంలో అతని ఇంటికి వెళ్లాను. పట్టుపురుగులకు ఆకు తరుగుతున్నాడు. నిలబడే అంతా చెప్పి, మళ్లీ పనికి రమ్మని అడిగాను. అతను కత్తి ఆపలేదు.

"పనికి వస్తాను మేడమ్మా. ఒకటుండాది. ఇంగ మీదట నేనేమన్నా చెప్తే, కాదనే ముందు ఒకసారి వచ్చి చూడాల."

"వస్తానప్పా" అన్నాను.

అతను తిరిగి వచ్చి ఇరవై రోజులైంది. మోటరు ఒక్కసారీ ఆగలేదు. మీకు తప్పుగా రాసిన బరువు ఈ ఉత్తరంతో దిగుతోంది.

నిన్న ఎండవేళ ఫోను చేశాడు. "ఇన్వర్టరు పెట్టెలో టిక్కు టిక్కు అంటా ఉండాది మేడమ్మా." చిన్న విషయమే అయ్యుంటుందని తెలుసు. అయినా అన్నం ముందు నుంచి లేచి స్కూటరు తీశాను. వెళ్లి పెట్టె పై తలుపు తెరిస్తే, గాలి ఆడే జాలీ మీద టిక్కు టిక్కుమంటూ బల్లి.

ఓబలప్ప ముఖం చిన్నబోయింది. "దీనికా మిమ్మల్ని పిలిస్తి?"

"మళ్లీ పిలువప్పా" అన్నాను. ఆ బల్లి తీరిగ్గా బయటికి పోయేదాకా ఇద్దరం తలుపు పట్టుకుని నిలబడ్డాం.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి
మధుర