ఆరో గది కిటికీ

జనవరి 8

బడికి అరవై ఏళ్ళు నిండుతున్నాయట. సంచిక వేస్తారట. ఎడిటర్ని నేనేనట. స్టాఫ్ మీటింగ్‌లో అందరూ ఫోన్లలోకి తలలు దించేసుకుంటే, ఎత్తి ఉన్న తల నాదొక్కటే దొరికింది.

అందరి చరిత్రా రావాలన్నారు హెడ్మాస్టారు. ఇన్‌క్లూజివ్ అనే మాట నాలుగుసార్లు వాడారు. హిస్టరీ టీచర్ని కదా, పొంగిపోయాను. తొమ్మిదో తరగతికి పని చెప్పాను: ఈ బడి గురించి ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి, ఇంతవరకూ ఎవరూ రాయనిది ఒక్కటి రాసుకురమ్మని.

జనవరి 11

ఇరవై తొమ్మిది పేపర్లు. ఇరవై ఎనిమిదింటిలో తాతయ్యకి ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. ఈ బడిలో సెకండ్ వచ్చినవాళ్ళెవరూ పిల్లల్ని కనలేదు కాబోలు.

ఇరవై తొమ్మిదోది 'ఎందుకండీ'ది. స్టాఫ్ రూమ్‌లో మేం పెట్టుకున్న పేరు. ఆ పిల్ల నోరు తెరిస్తే ముందొచ్చే మాట అదే. కాలవ అవతల నుంచి వస్తుంది.

ఆరో గదిలో ఒక కిటికీ మిగతావాటికంటే మూరెడు కిందికి ఉంటుంది. మేస్త్రీ కొలత తప్పాడని పంతొమ్మిదేళ్ళుగా చెప్పి పిల్లల్ని నవ్విస్తున్నాను. తప్పలేదట. బడి కట్టిన కూలీలు కాలవ అవతలివాళ్ళు. వాళ్ళ పిల్లల్ని లోపల కూర్చోనివ్వరని మేస్త్రీకి ముందే తెలుసు. వరండాలో నేల మీద కూర్చున్నా బోర్డు కనపడాలని కావాలనే దించాడట. ఆ పిల్ల అమ్మమ్మ మూడేళ్ళు అక్కడ కూర్చుందట.

చివర మూడు వాక్యాలు. ఈ బడి మేము కట్టాం. లోపల మీరు కూర్చున్నారు. ఇప్పుడు మనం కూర్చుంటున్నాం.

పదిసార్లు చదివాను.

జనవరి 12

నాన్నకి ఫోన్ చేశాను. ఆయన ఈ బడి మొదటి బ్యాచ్. కూర్చున్నది ఆరో గదిలోనే, కిటికీ పక్కనే. గాలి బాగా వచ్చేదన్నాడు. ఇంకేం గుర్తుందని అడిగితే, బయట తలలు కనపడేవమ్మా, అన్నాడు. ఎక్కం మర్చిపోతే బయట నుంచి ఒకమ్మాయి గుసగుసగా అందించేదట. పేరేంటి నాన్నా అంటే, అడగలేదన్నాడు.

నాన్నకి ఆ ఏడు లెక్కల్లో ఫస్ట్ ప్రైజ్.

జనవరి 22

పెద్దాయన, అదే మా హెడ్మాస్టారు, తన గదికి పిలిచారు. చాలా టచింగ్‌గా ఉందట. సంచిక కమిటీకీ నచ్చిందట. రెండే రెండు చిన్న మార్పులు. లోపల మీరు కూర్చున్నారు అన్న వాక్యం తీసేయాలి, ఎవరి తాతలో నొచ్చుకుంటారు. మేము బదులు మనం అనాలి. ఈ బడి మనం కట్టాం. చూడండి మేడం, ఎంత చక్కగా అందరూ కలిసిపోయారో, అన్నారు.

ఆలోచిస్తానన్నాను.

జనవరి 23

మార్చాను. ఒక వాక్యం, ఒక మాటే కదా.

ఫిబ్రవరి 2

క్లాసులో ప్రూఫ్ చూపించాను. ఆ పిల్ల తన పేజీ మీద వేలు పెట్టుకుని చదివింది. మనం అంటే ఎవరెవరండీ, అంది. ఇటుకలు మీవాళ్ళు కూడా మోశారా అండీ?

పేజీలో చోటు చాలలేదన్నాను. మనం అన్న మాట మేము కంటే ఎంత చోటు మిగిలిస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

సరేనండీ, అంది. ఆ నోట్లోంచి ఆ మాట రావడం ఇదే మొదలు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఫిబ్రవరి 3

మా ఆయనకి చెప్పాను. ఒక్క మాటకి ఏం కొంప మునిగింది అన్నాడు. చుట్టాలు భోంచేసి వంట బాగుందంటే, మనం ఎప్పుడూ ఇలాగే చేస్తామండీ అనే మనిషి. అంట్లు మాత్రం నావి. మనం ఎలా పనిచేస్తుందో నేను కొత్తగా నేర్చుకోవాలా?

ఫిబ్రవరి 5, మధ్యాహ్నం

ఆ పేజీ మళ్ళీ మొదటిలా పెడదామంటే, పాతవన్నీ కెలకొద్దు మేడం, అన్నారు పెద్దాయన. నాలుగింటికి ప్రెస్సుకి వెళ్ళాలట. వెళ్ళేది నేనే కదా, అనుకున్నాను.

ఆ పిల్లని పిలిచాను. చోటు చాలలేదన్నది అబద్ధం అని చెప్పాను. నువ్వు రాసింది రాసినట్టే వేయిస్తానన్నాను. ఏమీ అడగలేదు. నా చేతిలోని పెన్ను తీసుకుని, ఇప్పుడు మనం కూర్చుంటున్నాం అన్న మూడో వాక్యం కొట్టేసింది. ఇది ఇంకా కాలేదండీ, అంది.

ఫిబ్రవరి 5, సాయంత్రం

మేమా, మనమా, ఏదో ఒకటి తేల్చండమ్మా, అని విసుక్కున్నాడు ప్రెస్ ఆపరేటర్. తేల్చాను. ప్రూఫ్ మీద సంతకం పెట్టాను.

ఫిబ్రవరి 16

సంచిక వచ్చింది. పెద్దాయన నాతో మాట్లాడటం లేదు. వచ్చే ఏడాది నాకు హిస్టరీ లేదట, లైబ్రరీ చూసుకోవాలట. ఏడుపొచ్చింది, ఏడ్చాను. నాన్నకి ఆ పేజీ చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నాడు.

'ఎందుకండీ' రోజూ వస్తోంది. వింటుంది, రాసుకుంటుంది, వెళ్ళిపోతుంది. ఒక్క ప్రశ్న లేదు.

ఫిబ్రవరి 20

బడి వదిలాక ఆరో గది వరండాలో నేల మీద కూర్చున్నాను. కిటికీలోంచి బోర్డు కనిపిస్తోంది. పై సగమే. మేస్త్రీ ఇంకో జానెడు దించాల్సింది.

లోపల బోర్డు తుడుస్తున్న పిల్ల కిటికీ దగ్గరకొచ్చి కిందికి చూసింది.

ఎందుకండీ, అంది.