రెండేళ్లు, కోటి డాలర్లు, అంతే!

నవంబర్ 5. ఉదయం 7:10

బఫెలో మిల్లర్స్ బేస్‌బాల్ జట్టుకు జనరల్ మేనేజర్‌గా ఇది నా రెండో చలికాలం. పోయిన సీజన్‌లో ఆటలు 162, ఓటములు 104. ఇంతకన్నా కిందికి పోవడానికి చోటు లేదు. కాబట్టి ఇక పైకే!

తీర్మానం: ఈ చలికాలం ఏ బ్యాటర్‌కూ రెండేళ్లకు మించి ఒప్పందం లేదు. ఏడాదికి కోటి డాలర్లు దాటేది లేదు. పేరు చూసి కొనేది అసలే లేదు. చిన్న లీగుల్లో మన కుర్రాళ్లు నలుగురు తయారవుతున్నారు. మరో రెండు మూడేళ్లు కావాలి. అందాకా చవకగా, నికరంగా ఆడేవాళ్లు చాలు.

ఒప్పందాలు ముగిసి బయటికొచ్చిన బ్యాటర్లలో నా ముగ్గురు:
హెనిక్: మొదటి బేస్. 31 ఏళ్లు. చెడ్డ బంతిని ముట్టుకోడు. నాలుగు చెడ్డ బంతులు వేయించుకుని తాపీగా బేస్ మీదికి నడిచిపోతాడు.
ఎచెవెరియా: రెండో బేస్. వయసు 33. మోకాలు ఒకటి మంచిది.
వాండివర్: ఎడమచేత్తో బంతి వేసే పిచ్చర్ల మీద పులి. మిగతావాళ్ల మీద చెప్పను.

ముగ్గురికీ కలిపి ఏడాదికి రెండు కోట్లు. పెద్ద స్టార్ డెస్మండ్ క్వార్ల్స్ ఒక్కడే మూడు కోట్ల పైన అడుగుతున్నాడు, అదీ ఎనిమిదేళ్లకు. అతని పేరు ఈ డైరీలో ఇదే మొదటిసారి, ఇదే చివరిసారి.

అదే రోజు. 11:30

యజమాని టీస్‌డేల్ గారికి చెప్పాను. ఎనభై ఒక్క ఏళ్ల మనిషి. నలభై ఏళ్లుగా ఈ జట్టు ఆయనదే. కప్పు మాత్రం ఒక్కసారీ ఆయనది కాలేదు.

"బాగుంది గ్వెన్. చాలా తెలివైన పని" అన్నారు.

తెలివైన పని! రాసి పెట్టుకున్నాను.

నవంబర్ 10. మధ్యాహ్నం

ఆదివారం, అమ్మ దగ్గర భోజనం. బంగాళదుంప కూరిన కుడుములు, పియెరోగీలు, పన్నెండు తిన్నాను. (తిండి గురించి తీర్మానమేమీ లేదు.) అమ్మ ముప్పై ఏళ్లుగా ప్రతి సొంత మైదానం ఆటకూ వెళ్తుంది. మొదటి బేస్ వైపు 114వ సెక్షన్‌లో, ముందు వరుసలో అదే కుర్చీ.

"ముగ్గురు చవకవాళ్లా? మంచిదే. ఆ హెనిక్ అబ్బాయి బుద్ధిమంతుడు" అంది. కాసేపాగి, "ఆ క్వార్ల్స్ ఎక్కడికి పోతున్నాడంటావు?" అంది.

"మనకనవసరం అమ్మా."

"ఊరికే అడిగానే తల్లీ. ఇంకో రెండు వడ్డించనా?"

నవంబర్ 19

వాండివర్ సంతకం పెట్టేశాడు! ఒక్క ఏడాది, నలభై లక్షలు. మూడింట ఒకటి పూర్తి. నియమం అంటే ఇదీ!

నవంబర్ 20. 8:00

పేపర్లో మన వాండివర్ వార్త నాలుగు లైన్లు. దాని పక్కనే పాత టైర్ల ప్రకటన, అర పేజీ.

పట్టించుకోను.

8:20. నాలుగు లైన్లలోనూ అతని పేరు రెండు రకాలుగా వేశారు.

నవంబర్ 26

ట్రావిస్ హెనిక్‌తో ఫోన్లో అరగంట. రెండేళ్లు, మొత్తం కలిపి కోటీ నలభై లక్షలు. ఒప్పుకున్నాడు. నెమ్మదైన గొంతు. అతని ఇల్లు ఇక్కడికి తొంభై మైళ్లు, ఈరీ అనే ఊళ్లో.

"వేరే జట్టొకటి శుక్రవారంలోపు చెప్పమంటోంది మేడమ్. డబ్బు కొంచెం తక్కువే, కానీ ఒప్పందం కాగితం రెడీగా ఉందట. ఏం చెయ్యమంటారు?"

"వాళ్లకి వద్దని చెప్పెయ్ ట్రావిస్. డిసెంబర్ సమావేశాలు అవ్వగానే నీ కాగితం పంపిస్తా. నా మాట మీద ఉండు."

"సరే, మీ మాటంటే చాలు."

ఫోన్ పెట్టాక నా మీద నాకే గౌరవం కలిగింది. కాగితం అప్పుడే ఎందుకు పంపలేదంటే, ఎచెవెరియాదీ కలిపి ఒకేసారి ప్రకటిస్తే పేపర్లో కనీసం పది లైన్లు వస్తాయని.

డిసెంబర్ 10. నాష్‌విల్. 9:45

చలికాలం సమావేశాలు. ముప్పై జట్లవాళ్లం ఒకే హోటల్లో. లిఫ్టులో మార్ట్ లాస్కర్ తగిలాడు. క్వార్ల్స్ ఏజెంటు. మెత్తగా నవ్వే మనిషి, ఆ నవ్వుకీ కమిషన్ ఉంటుంది.

"ఏంటి గ్వెన్, ఈసారి చవక బజార్లో తిరుగుతున్నావంట?"

"జట్టుని పునాది నుంచి కడుతున్నాం మార్ట్."

"కట్టు తల్లీ, కట్టు. పునాది చూడ్డానికి టికెట్ ఎంత పెడతావు?"

నాలుగో అంతస్తులో దిగిపోయాను. నా గది తొమ్మిదిలో.

డిసెంబర్ 11. 8:30

క్వార్ల్స్‌తో టిఫిన్. కొనడానికి కాదు! మనం రంగంలో ఉన్నామని తెలిస్తే పోటీ జట్లు ధర పెంచి చేతులు కాల్చుకుంటాయి. ఇదొక ఎత్తు.

10:15. మంచి మనిషే. రొట్టెకు వెన్న అంచుల దాకా శ్రద్ధగా రాస్తాడు. నా జట్టు గురించి నాకన్నా ఎక్కువ తెలుసు. "ఏడో ఇన్నింగ్స్‌కల్లా మీ గ్యాలరీ ఖాళీ అయిపోద్ది. మొన్న జూన్‌లో ఫస్ట్ బేస్ దగ్గర నిలబడి లెక్కపెట్టాను. నూట పదకొండు మంది. ఒక ముసలావిడ నన్ను ఆట అయిందాకా తిట్టింది, ఎంత బాగా తిట్టిందో!" అన్నాడు.

మా అమ్మ. నేను చెప్పలేదు.

డిసెంబర్ 13

తీర్మానం మారలేదు. వివరణ మాత్రమే రాసుకుంటున్నాను.

ఒకటి. "ఏ బ్యాటర్‌కూ" అన్నప్పుడు నా ఉద్దేశం మామూలు బ్యాటర్లు.
రెండు. ఎనిమిదేళ్లంటే నాలుగు రెండేళ్లు.
మూడు. కుర్రాళ్లకు పక్కన నిలబడి నేర్పేవాడు ఒకడు కావాలి కదా. వెన్న రాసినంత శ్రద్ధగా.

డిసెంబర్ 19. మధ్యాహ్నం 2:00

ఇంగ్రిడ్ లెక్కలు తెచ్చింది. మా గణాంకాల విభాగం అంటే ఆమె ఒక్కతే. పొగడదు, తిట్టదు, అంకెలు చదువుతుంది.

"మీ ముగ్గురితో అయితే డెబ్బై ఒక్క ఆటలు గెలుస్తాం. క్వార్ల్స్ ఒక్కడితో అయితే అరవై ఆరు."

"అరవై ఆరా? అంత గొప్పవాడితోనా?"

"ఆయన గొప్పవాడే. మిగతా ఎనిమిది మందీ మనవాళ్లు కదా."

"మళ్లీ వేసి చూడు."

"మూడుసార్లు వేశాను గ్వెన్. నాలుగోసారి మీరు వేస్తారా?"

నేనే వేశాను. అరవై ఆరు. ఇంగ్రిడ్ మీద చాలాసేపు కోపంగా ఉన్నాను.

డిసెంబర్ 21

ఎచెవెరియా వేరే జట్టుకు వెళ్లిపోయాడు. నా కాగితం కోసం మూడు వారాలు ఎదురుచూశాడట. పోనీలే, ఆ మోకాలు...

హెనిక్ నుంచి సందేశం: "తొందరేమీ లేదు మేడమ్. బఫెలోలో మా పాపకి స్కూల్ చూశాం. సీటు ఉంచాలంటే జనవరిలో చెప్పాలంట. అందుకని అడుగుతున్నా."

పండుగ వెళ్లగానే ఫోన్ చేస్తాను.

డిసెంబర్ 27

చెయ్యలేదు. మంచు.

డిసెంబర్ 30

మంచు. (ఫోన్‌కూ మంచుకూ సంబంధం లేదని నాకూ తెలుసు.)

జనవరి 3. ఉదయం 10:00

టీస్‌డేల్ గారు ఇంటికి రమ్మన్నారు. కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు, కాళ్ల మీద దుప్పటి.

"నీ కుర్రాళ్లు ఎప్పటికి తయారవుతారు గ్వెన్?"

"ఇంకో మూడేళ్లు సార్. అంతకు ఒక్క ఏడాది అటో ఇటో."

"నాకు మా డాక్టర్ కూడా అలాగే చెప్పాడు. కానీ వాడు 'అటు' అనలేదు, 'ఇటు' ఒక్కటే అన్నాడు."

ఆయన దుప్పటి సర్దుకున్నారు.

"నువ్వు చెప్పిందే కరెక్టు. ఎవరినడిగినా అదే చెప్తారు. కానీ నేను పోయాక బాగుపడే జట్టుకి నేను ఓనర్‌ని ఎలా అవుతాను? ఒక్క వేసవి గ్యాలరీ నిండితే చూడాలనుంది. నిన్ను బలవంతపెట్టను. నీ ఇష్టం."

నా ఇష్టమట! బలవంతపెట్టి ఉంటే ఎదురు చెప్పి ఉండేదాన్ని.

జనవరి 8. సాయంత్రం 4:40

ఎనిమిదేళ్లు. ఇరవై ఆరు కోట్ల డాలర్లు. క్వార్ల్స్ సంతకం పెట్టాడు. ఎల్లుండి ప్రకటిస్తాం.

అయిపోయింది. ఎవరికీ దొరక్కుండా మెట్ల గదిలోకి వెళ్లి చిన్నగా గంతు వేశాను. పైమెట్టు మీద ఇంగ్రిడ్ ఉంది. లెక్క వేసుకుంటూ ఉంటుంది.

తరువాత హెనిక్ గుర్తొచ్చాడు. ఇద్దరిదీ మొదటి బేసే, ఉన్నది ఒక్కటే. మిగిలిన డబ్బు సున్నా.

జనవరి 9

ఫోన్ తీసి పెట్టేశాను, ఆరుసార్లు. ఇది ఫోన్లో చెప్పే మాట కాదు. కారు తీశాను. సరస్సు మీంచి మంచు అడ్డంగా కొడుతోంది. తొంభై మైళ్లకు మూడు గంటలు పట్టింది. దారి పొడుగునా ఏం చెప్పాలో పైకి అంటూ వెళ్లాను. ప్రతిసారీ తప్పు యజమానిదే అయింది.

ట్రావిస్ వాకిట్లో మంచు ఎత్తుతున్నాడు. నన్ను చూసి పారకు ఆనుకుని నిలబడ్డాడు.

"మంచి వార్తయితే ఫోన్లోనే చెప్పేవారు" అన్నాడు.

దారిలో తయారు చేసుకున్నదంతా ఎగిరిపోయింది. "క్వార్ల్స్‌ని తీసుకున్నాం. తప్పు నాదే ట్రావిస్. నిన్ను ఆ జట్టుకి వద్దని చెప్పమన్నది నేనే."

అతను పారను మంచులో గుచ్చాడు. తరువాత, "లోపలికి రండి, చెవులు ఎర్రబడ్డాయి" అన్నాడు.

వంటింట్లో అతని భార్య జోలీన్ పొయ్యి దగ్గర ఉంది. విషయం అతనే చెప్పాడు. ఆమె సూప్ గిన్నె నా ముందు ఠక్కున పెట్టింది. చెంచా ఇవ్వలేదు.

"మీ మాట పట్టుకుని ఆరు వారాలు కూర్చున్నాడండీ ఈయన" అంది. "మూడు చోట్ల నుంచి ఫోన్లు వచ్చాయి. 'బఫెలో మేడమ్‌కి మాటిచ్చా' అన్నాడు. మాటిచ్చింది మీరా, ఈయనా? నాకైతే అర్థం కాలేదు."

"జోలీన్..."

"నన్ను అడగనీ. తినడానికి కూడా పెట్టానుగా."

నేను క్షమాపణ అడిగాను. ఇంకెక్కడైనా చోటు చూస్తానన్నాను. ఆ మాటలు నాకే అతి తేలిగ్గా వినిపించాయి.

ట్రావిస్ లేచి చెంచా తెచ్చి ఇచ్చాడు. "మీ స్థానంలో నేనున్నా ఆయన్నే తీసుకునేవాణ్ణేమో మేడమ్. ఆయన కొడితే బంతి కంచె దాటి పోద్ది. నేనేమో చెడ్డ బంతులు నాలుగు పడేదాకా ఆగుతాను. ఆగే మనిషిని చూడ్డానికి ఎవడు టికెట్ కొంటాడు?"

"నేను కొంటాను" అన్నాను.

"కొనలేదు కదా" అన్నాడు. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది.

సూప్ మొత్తం తాగాను. వేరే దారి లేదు.

జనవరి 11

నిన్న ప్రకటించాం. పేపర్లో ఒకటి, రెండు, మూడు పేజీలూ మనవే! టైర్ల ప్రకటన ఎక్కడా లేదు. మధ్యాహ్నానికి పదకొండు వేల సీజన్ టికెట్లు పోయాయి. అమ్మ క్వార్ల్స్ చొక్కా కొని తొడుక్కుని మరీ ఆఫీసుకొచ్చింది.

"చవకవాళ్లే మంచిదన్నావు కదమ్మా."

"నువ్వు బాధపడతావని అన్నాను. నువ్వూ నిజంగానే నమ్మావటే?"

ఈరీ సంగతి అమ్మకు చెప్పలేదు.

ఫిబ్రవరి 21. ఫ్లోరిడా సాధన శిబిరం

క్వార్ల్స్ రోజూ అందరికన్నా ముందొచ్చి చివర వెళ్తున్నాడు. ఈ రోజు నన్ను పక్కకు పిలిచాడు.

"నా తర్వాత ఎవరు బ్యాటింగ్‌కి వస్తారు?"

"వాండివర్."

"ఎడమచేతి పిచ్చర్ కాకపోతే?"

"...వాండివరే."

"అలాగైతే నాకెవడు మంచి బంతి వేస్తాడు మేడమ్? కావాలనే నాలుగు చెడ్డ బంతులు వేసి నన్ను ఊరికే నడిపించి, తర్వాతవాణ్ణి అవుట్ చేస్తారు. నా వెనక ఓపికున్నవాడొకడు ఉండాలి. హెనిక్ లాంటివాడు. అతను ఎక్కడున్నాడిప్పుడు?"

పశ్చిమ తీరంలో ఒక జట్టు, జీతం ఖాయం చెయ్యకుండా, వచ్చి ఆడి చూపించమని పిలిచిందట. వెళ్లాడు. మొన్నే తెలిసింది. ఈ మాట చెప్పి ఎండలో నిలబడ్డాను.

మార్చి 27. తొలి ఆట. సాయంత్రం 5:15

గ్యాలరీ కిటకిట. ముప్పై తొమ్మిది వేలు. చేతులు కొంకర్లు పోయే చలి. టీస్‌డేల్ గారు దుప్పటి కప్పుకుని ముందు వరుసలో కూర్చున్నారు.

క్వార్ల్స్‌ను మూడుసార్లు ఊరికే నడిపించారు. మూడుసార్లూ వాండివర్ అవుట్. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో పిచ్చర్ చెయ్యి జారింది. ఒక్క మంచి బంతి. క్వార్ల్స్ కొట్టాడు. బంతి కంచె దాటి, జెండాలు దాటి, వెనక పార్కింగ్‌లోకి పోయింది. నేను జనరల్ మేనేజర్‌నన్న సంగతి మరిచి కుర్చీ ఎక్కి అరిచాను. టీస్‌డేల్ గారు లేచి నిలబడ్డారు. ఎవరూ పట్టుకోకుండానే.

9–1తో ఓడిపోయాం.

బయట అమ్మ, బొంగురుపోయిన గొంతుతో: "ఎలా పోయిందో చూశావటే!"

"ఓడిపోయాం అమ్మా."

"అది రోజూ ఉండేదేగా."

6:00

తీర్మానం, ఈ రోజు నుంచి: ఇక మీద ఎవరికీ రెండేళ్లకు మించి ఒప్పందం లేదు. ఏడాదికి కోటి దాటేది లేదు. మాటిస్తే అదే రోజు కాగితం పంపాలి.

ఇంగ్రిడ్ తలుపు దగ్గర నిలబడి చదివించుకుంది.

"పిచ్చర్లకి కూడానా?"

"పిచ్చర్లకు కూడా."

"అందరికీ?"

"అందరికీ!"

ఆమె వెళ్లిపోయింది. మళ్లీ ఒకసారి మొత్తం చదువుకున్నాను. చాలా బాగుంది, గట్టిగా ఉంది. "ఎవరికీ" ముందు కాస్త ఖాళీ కనిపిస్తే, అక్కడ చిన్న అక్షరాలతో "సాధారణంగా" అని చేర్చాను.