టైర్ల చారలు చెప్పిన వేగం

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ, అత్తయ్యా, పిల్లా క్షేమంగానే ఉన్నాం. అక్కడ బావగారూ అక్కయ్యా మిమ్మల్ని కనిపెట్టుకుని ఉన్నారని రాశారు, మనసు కుదుటపడింది.

మీరు అడిగినవాటికి జవాబులు. పిల్లకు దగ్గు తగ్గింది. సాయంత్రం క్లాసులు మానలేదు, మానను. ఫిజిక్స్ ఒకసారి తప్పానని మీరు ఎంత నవ్వినా సరే. ఇక "డిపో వాళ్లు ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టేస్తాను, పీడ విరగడవుతుంది" అన్నారే, దానికి జవాబు చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆ ముసలాయన బస్సుకు అడ్డం వచ్చినప్పుడు మీరు ఎనభై వేగంతో నడుపుతున్నారని మేనేజరు ఆ కాగితంలో రాశాడు. మీరేమో "గుర్తు లేదు" అని తలదించుకున్నారు. కానీ మీరు బ్రేకు తొక్కిన చోటు నుంచి బస్సు ఆగిన చోటు దాకా టైర్ల చారలు ఇంకా చెరగలేదు. టేపు తీసుకుని వెళ్లాను. రెండో కొస అత్తయ్య పట్టుకున్నారు. వెనక బళ్లవాళ్లు ఒకటే హారన్లు.

"అమ్మాయ్, అందరూ మనల్నే చూస్తున్నారే!"

"చూడనివ్వండి అత్తయ్యా. మీరు మాత్రం టేపు వదలకండి."

పదిహేను మీటర్లు. ఇలాంటి లెక్కే మాకు క్లాసులో చెప్పారు. టైరుకూ రోడ్డుకూ మధ్య రాపిడే బస్సును ఆపే బలం. అదీ, ఆగడానికి పట్టిన దూరమూ తెలిస్తే మొదటి వేగం దొరుకుతుంది. బస్సు బరువు లెక్కలో రెండు వైపులా వస్తుంది కాబట్టి కొట్టేయొచ్చు. వంటింట్లో కూర్చుని వేస్తే పద్నాలుగు పైచిలుకు వచ్చింది. ఆ రోడ్డు మీద నలభై దాటకూడదు కదా! సంబరం పట్టలేక అత్తయ్యను గిరగిరా తిప్పేశాను.

మర్నాడు మాస్టారికి చూపించాను. "లెక్క సరిగ్గానే వేశావమ్మా. కానీ ఇది సెకనుకు మీటర్లు. గంటకు కిలోమీటర్లలోకి మార్చావా?" అన్నారు.

మార్చాను. యాభై ఒకటి. రాపిడి విలువ అంచనాయే కాబట్టి కాస్త అటూ ఇటూ కావచ్చన్నారు. ఎనభై మాత్రం కానే కాదు. ఎనభై అయితే చారలు ఇంతకు రెట్టింపు దాటి మందుల షాపు దాకా సాగేవి. కానీ నలభై కూడా కాదు.

ఇప్పుడు మీకు చెప్పకుండా చేసిన పని. నిన్న డిపోలో జరిగే విచారణకు వెళ్లి ఆ యాభై ఒకటే చెప్పాను.

"మీ ఆయన్ని కాపాడ్డానికొచ్చావా, ఇరికించడానికొచ్చావా?" అని మేనేజరు వెటకారం చేశాడు.

"చేసిన తప్పుకు శిక్ష వెయ్యండి. చెయ్యని తప్పు మాత్రం ఆయన నెత్తిన పెట్టనివ్వను" అన్నాను. విచారణ చేసే పెద్దాయన తన మనుషుల్ని పంపి చారలు మళ్లీ కొలిపించారు. పదిహేనే. ఆ కాగితం పక్కన పడేశారు. మీరు వచ్చి, జరిగింది మీ నోటితో చెప్పాలట.

కోపం వస్తే రానివ్వండి. నలభై అని చెప్పి ఒడ్డున పడెయ్యకపోయావా అంటారు. ఆసుపత్రికి వెళ్తే ఆ ముసలాయన కాలికి కట్టుతో పడుకునే, "డ్రైవరు బాబు ఎలా ఉన్నాడమ్మా?" అని అడిగాడు. ఆయన ఎదుట మీరు నలభై అనగలరా? అనలేరు. అందుకే కదా, ముఖం చాటేసి అక్కడ కూర్చున్నారు.

రండి. ముందు ఆయన దగ్గరికి వెళ్దాం, తర్వాత విచారణకు. రెండు చోట్లా మీ పక్కనే నిలబడతాను. రాకపోయారో, నేనే అక్కడికొచ్చి బావగారి ముందే మిమ్మల్ని చెయ్యి పట్టుకుని లాక్కొస్తాను.

ఇట్లు,
ఈ ఒక్క విషయంలో మీ మాట వినని
మీ ఇల్లాలు