చుక్క కారని గీజరు

అన్నా,

అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులుంటాయి. ఏమనుకోకు.

మా గీజరు వాల్వు కారి, కింద ఇంటి ఓనరమ్మ పూజగది గోడ తడిసింది. ఆమె లొల్లి పడలేక మా ఆయన వాల్వును ఎంసీల్ ముద్దతో మూసేశారు. లోపలి ఒత్తిడి పోయే దారి అదేనని నువ్వు చెప్పేవాడివి. ఆ మాటంటే, "నువ్వేంది, మిస్త్రీవా?" అని నవ్వారు. ఇప్పుడు చుక్క కారదు, లోపల ఉరుముతుంది.

దొంగచాటుగా స్విచ్ ఆపుతున్నాను. "నీళ్లు సుత కాగబెట్టరాదా?" అని అత్తమ్మ దెప్పుతోంది. ఎల్లుండి నుంచి స్విచ్ తానే వేస్తానని ఆయన అన్నారు. ముందు స్నానం మా బాబు అచ్యుత్‌ది.

ఫోను ఆయన దగ్గరే ఉంటుంది, అందుకే పక్కింటి పిల్ల స్వీటీతో ఈ చీటీ పంపుతున్నాను. రేపే పనిముట్లతో, ఇటు పనిమీద వచ్చినట్టు రా. ఆయన నవ్వినా వాల్వు మాత్రం విప్పు. నేను రాశానని అనకు. చదివిన వెంటనే కాల్చెయ్యి.

నీ చెల్లె