గంటకు నూరు చుక్కలు

విరుదునగర్, డిసెంబర్ 2

అవ్వకు సంగవి నమస్కారాలు.

ఫోన్‌లో ఎంత అరిచినా నీకు వినబడదు కాబట్టి ఈ ఉత్తరం. పదమూడో తేదీ రాత్రి చుక్కలు రాలుతాయట, గంటకు నూరు దాకా! ఇక్కడి వీధి దీపాల వెలుగులో చందమామ తప్ప ఏదీ కనబడదు. అందుకని అమ్మ, నాన్న, తమ్ముడు, నేను పుదూరు వస్తున్నాం. నీ మిరపచేను గట్టున చాపలు పరుచుకుందాం.

నీ మనవరాలు,
సంగవి

తా.క. పక్కనున్న గాలిమర షెడ్డు మీది పెద్ద దీపం కళ్లలో కొడుతుంది. ఒక గంట ఆర్పమని వాచ్‌మన్ మూక్కన్‌కు చెప్పు.

పుదూరు, డిసెంబర్ 5

చిరంజీవి సంగవికి అవ్వ దీవెనలు.

చెప్పేది నేను, రాసేది పక్కింటి పాండిసెల్వి. చుక్క రాలడం చూస్తే కీడని, వెంటనే పచ్చని చెట్టును చూడాలని మీ అమ్మ నేర్పలేదా? గంటకు నూరంటే అన్ని చెట్లకు నేనెక్కడికి పోను? రావద్దు.

ఇట్లు,
పట్టమ్మాళ్

తా.క. ఇది పాండిసెల్వి మాట. దీపం సంగతి చదివినప్పుడు అవ్వ కాఫీ వదిలేసి లోపలికి పోయింది.

విరుదునగర్, డిసెంబర్ 7

అవ్వకు నమస్కారాలు.

కోపం వద్దు. మనిషికొకటి చొప్పున ఐదు వేపమొక్కలు కొన్నాం. చుక్క రాలగానే ఎవరి మొక్కను వాళ్లు చూసుకుందాం.

సంగవి

తా.క. మూక్కన్‌తో నేనే మాట్లాడాను. బిర్యానీ పొట్లం తెస్తే దీపం ఆర్పుతాడట.

పుదూరు, డిసెంబర్ 9

సంగవికి,

ఏమే, చీకట్లో పచ్చదనం ఎట్లా కనబడుతుంది? టార్చి కూడా తెచ్చుకోండి. దీపం మాత్రం ఆర్పేది లేదు. మూక్కన్‌కు నేను రెండు పొట్లాలు ఇస్తానన్నాను.

పట్టమ్మాళ్

తా.క. అవ్వ చెప్పొద్దన్నది, నేను రాస్తున్నాను. మూక్కన్‌కు ముందు ఇరవై ఏళ్లు అక్కడ వాచ్‌మన్‌గా ఆ దీపం వేసింది మీ తాతే. అది వెలిగితే ఆయన క్షేమంగా డ్యూటీకి చేరినట్టు అవ్వకు గుర్తు. ఆయన పోయి రెండేళ్లయినా అది వెలిగాకే అవ్వ అన్నం తింటుంది.

విరుదునగర్, డిసెంబర్ 16

అవ్వకు,

నన్ను క్షమించు. ఆ తా.క. చదివి చాలాసేపు ఏడ్చాను. అందుకే దీపం జోలికి పోవద్దని అందరికీ చెప్పాను. ఆ వెలుగులో గంటసేపు చూస్తే నాలుగే చుక్కలు. పోనీలే అనుకున్నాం. నువ్వు మంచినీళ్లు తెస్తానని లేచిపోయాక మంచి సమయంలో కరెంటు పోయింది! నలభై ఒకటి లెక్కపెట్టాం. నాన్న చిన్నపిల్లాడిలా కేకలు పెట్టాడు.

సంగవి

తా.క. ప్రతి చుక్కకూ తమ్ముడు మొక్క మీద టార్చి వేయకుండా ఉంటే ఇంకో ఇరవై కనబడేవి.

పుదూరు, డిసెంబర్ 19

బంగారుతల్లి సంగవికి,

ఐదు మొక్కలూ షెడ్డు పక్కనే నాటించాను. కరెంటు పోలేదే. మీరు నాలుగు చుక్కలకే నోరు మూసుకుని పడుకుంటే నాకు మనసు ఒప్పలేదు. షెడ్డుకు పోయి దీపం ఆర్పింది నేనే. మళ్లీ వేసిందీ నేనే. ఇన్నేళ్లలో దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. ఆ రాత్రి వెలిగించాకే అన్నం తిన్నాను.

నీ అవ్వ

తా.క. పాండిసెల్విని. మూక్కన్ మూడు పొట్లాలూ తిన్నాడు. ఆర్పేముందు అవ్వ దీపంతో మాట్లాడిందని వాడే చెప్పాడు: "ఇదో, పిల్లోళ్లు వచ్చిండారు. ఒక గంట కండ్లు మూసుకోండి. మళ్లా నేనే లేపుతాను."